గోడవతల చప్పుడు

భర్త పోయాక, బీరు కాచే సామానంతా తీసుకెళ్ళమని మార్లిస్ కబురు పెట్టింది. ఆయన స్నేహితుడు అర్విన్ షెడ్డులో బార్లీ గింజలు పగలగొట్టే మరకు డ్రిల్లు బిగించి తిప్పి చూస్తుంటే, వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"డ్రిల్లు అంత జోరుగా తిప్పకు. గింజ పగలాలి గానీ పొట్టు నలగకూడదు. పిండైతే వడకట్టేటప్పుడు రసం కిందికి దిగదు."

"నువ్వెప్పుడూ ఈ గుమ్మం తొక్కలేదన్నాడే వాడు?"

"తొక్కలేదు. ఇరవై ఏళ్ళు ప్రతి శనివారం గోడవతల అంట్లు తోముతూ విన్నాను. ఇంకా తగ్గించు. ఇంకాస్త. ఆఁ, అదీ."

పాత డ్రిల్లు గొంతు తగ్గింది. ఆమె గుమ్మానికి ఆనుకుని వింటూ నిలబడింది.

"ఇక కార్లో పెట్టేయనా, వదినా?"

"వద్దులే, ఇక్కడే ఉండనీ. శనివారాలు నువ్వే వచ్చి తిప్పు. అంట్లు అప్పుడే తోముకుంటాను."