చందమామ తగువు తీర్చిన ధర్మేంద్ర

ధర్మేంద్ర నోరు విప్పాడంటే సూరయ్య టీకొట్టు పొయ్యి మంట తగ్గించేస్తాడు. టీ మరిగిపోయినా కథ తెగదని అతనికి తెలుసు. నౌపడ స్టేషన్ బయట బల్ల మీద ఆ సాయంత్రం లీలారాణి కూడా కూర్చుంది, ఒళ్ళో లాప్‌టాప్‌తో. టీమ్‌లో అందరి కోడ్‌నీ ఒకచోట కలిపే సీనియర్ ధర్మేంద్ర, తను కొత్త. పడవల వాళ్ళకు గాలివాన కబురు చదివి వినిపించే పేజీ తను రాసింది. కలిపిన దాంట్లో అది కనబడటం లేదు. ఎనిమిదికి యాప్ జనంలోకి విడుదలయ్యేలోగా కనబడకపోతే తన ఉద్యోగం ఉండదు. అడుగుదామనే వచ్చింది, కానీ కథ అప్పటికే మొదలైపోయింది.

“ముగ్గురు రాసింది కలపాల మావా, అంతే. ఒకే కోడు వరస ముగ్గురూ మూడు రకాలుగా రాసినారు. ఏది ఉంచాలో మిషనుకి తెలీదు, మనిషే తేల్చాల.”

“తేల్చినావేటి?”

“ముగ్గురేటి, తీరా సూస్తే మూడొందల మంది! ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? తగువులాడుకుంటన్న వరసలన్నీ తెర మీంచి లేసి, కిటికీలోంచి ఎగిరెళ్ళి ఉప్పుమళ్ళలో వాలిపోనాయి, తెల్లగా, కొంగల్లాగ. నాను గట్టు మీద నిలబడి పేరెట్టి పిలిసినాను. ఒక్కోటీ వొచ్చి దాని జాగాలో అది కూసున్నాది. ఒక్క అచ్చరం ఎవలిదీ పోనేదు!”

లీలారాణికి కోపం రావాలి. రాలేదు. ఎదురుగా ఉప్పుమళ్ళ మీద వెలుగు గులాబీ రంగుకు తిరుగుతోంది. తను రాసిన వరసలు కూడా అక్కడే ఎక్కడో నీళ్ళలో నిలబడి ఉన్నాయనీ, పిలిస్తే వచ్చేస్తాయనీ అనిపించింది. ఆశ అంత చెడ్డది మరి.

“మరి రైళ్ళో?” అని ఎగదోశాడు సూరయ్య.

“ఆగిపోనాయి! సముద్రం కూడా సప్పుడు సెయ్యనేదు. అప్పుడు చందమామ దిగొచ్చినాది మావా. ‘బాబూ, ఒకే రేతిరికి ఒకలు పున్నమి రాసినారు, ఒకలు అమాస రాసినారు, ఏది ఉంచమంటావు?’ అన్నాది.”

“ఏటి సెప్పినావు?”

“రెండూ ఉంచమన్నాను. రోజుకి కొంత ఇది, కొంత అది. అప్పట్నించే కదా పెరగడం, తరగడం!”

లీలారాణి లాప్‌టాప్ తెరిచి, ఎవరి వరస ఉంచారో చూపే చిట్టా తీసి అతని ముందుకు తిప్పింది.

“చందమామవి రెండూ ఉంచినావు అన్నయ్యా. మరి తగువొచ్చిన పెతీ సోటా ‘నాదే ఉంచు’ మీట నొక్కేసి, నాది తీసేసినావేటి?”

ధర్మేంద్ర తెర వైపు చూశాడు, మళ్ళీ చూశాడు. సూరయ్య పొయ్యి మంట పెంచేశాడు.

“నా బ్రాంచిలో, అదే నా సొంత కాపీలో, నా పని అలాగే ఉన్నాది,” అంది లీలారాణి. “ఇంకా టైముంది. జరుగు, నేను కలుపుతాను. నీదీ ఉంచుతాన్లే.”