లాగేసిన జానిమాజు

రాయినంటావేటే నన్ను?

అను. ఒకసారి అనేసినావు కదా, మళ్లీ అను. గోడేపు తిరిగి పడుకుంటే నిద్దరోయినావనుకుంటానేటి? కన్నదాన్ని. నీ ఊపిరి నాకు తెల్దా, రజియా?

గంజి సల్లారిపోయింది. పోనీలే, తాగమనను. మసీదులో అసర్ అజా ఇప్పుడే అయింది. నమాజుకి ఇంకా వేళున్నాది. నీతో రెండు మాటలు సెప్పి లేస్తాను. ఎక్కువ మాటాడ్డం నాకు రాదు, నీకు తెలుసు కదా.

నీ బాబు పుట్టిన పూటే పోయాడు. నువ్వు రాజాం ఆస్పత్రిలో మంచం మీదున్నావు. మీ నాన్న తెల్లగుడ్డలో సుట్టి ఇంటికి తెచ్చాడు, మళ్లీ రెండు సేతుల మీదా ఎట్టుకుని ఖబరస్తానుకి తీసుకెల్లాడు. మగోళ్లే ఎల్లారు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

అప్పుడు పక్కింటి లక్ష్మణమ్మ వచ్చినాది. మంచి మనిషే. గుండెలు బాదుకుని, "ఓలమ్మో, నా తండ్రో" అని రాగం తీసి ఏడిసినాది. వాళ్లలో అలాగే ఏడుస్తారు, వీధి వీధంతా వినబడాల. మీ నానమ్మ నాకు అలా నేర్పనేదు. కన్నీరు కారితే కారనీ, కేకలు మాత్రం ఎయ్యకూడదనేది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

"ఏటొదినా, మనవడు పోతే కంట సుక్కైనా నేదు. ఏటి గుండె నీది?" అన్నాది లక్ష్మణమ్మ.

ఆమెకి తెల్దు. పోనీ అనుకున్నాను. మరి నువ్వూ అదే మాటన్నావే!

ఏడవనేదని ఎవరు సెప్పారే? సజ్దాలో ఎవరు సూడొచ్చారు? నుదురు నేలకి ఆన్చితే మొగం కనబడదు. ఎంతసేపున్నా ఎందుకని ఎవరూ అడగరు. నాకు ఖురాను సూరాలు సక్కగా రావు. మీ నానమ్మ నేర్పిన నాలుగు ముక్కలు, అవీ తడబడతాను. అవి అయిపోయినాక సేతులెత్తి తెలుగులోనే గొణుక్కుంటాను. "ఏటి సేసినావు అల్లా? పిల్ల మొగం నేను సూడనేకపోతన్నాను, నువ్వే సూడు" అని. అలా అడగొచ్చో నేదో! ఇన్నాళ్లూ ఎవరినీ అడగనేదు. పరుపుల కొట్టు నుంచి వచ్చి మీ నాన్న ఎక్కిరిస్తాడు కూడా, "ఏటే, నా మీద సాడీలు సెప్తన్నావా?" అని.

జవాబేటీ రాదు. కానీ లేసేసరికి పొయ్యి ఎలిగించగలను. నీకు తల దువ్వగలను. అంతకుముందు సెయ్యాడదు.

ఇంతే నా నమాజు.

నిన్న మద్దేనం వంటింట్లోంచి వచ్చి సూద్దును కదా, మంచం మీద నువ్వు నేవు. గోడ పట్టుకుని ఎల్లి, నేను నమాజు సేసుకునే జానిమాజు నువ్వే పరుసుకుని, దాని మీద బోర్లా పడున్నావు. నెత్తిన ముసుగు నేదు. వీపంతా ఎగిసిపడతన్నాది.

నేనేటి సేసినాను? "మైలదానివి, దాన్ని ముట్టకు" అని నీ కింద నుంచి లాగేసినాను. సుట్టి బీరువా మీద ఎట్టేసినాను.

"ఆ అల్లాక్కూడా నేను పనికిరానేటమ్మా?" అన్నావు. అప్పుడే అన్నావు, రాయివని. గోడేపు తిరిగి పడుకున్నావు.

మైలంట! మనకెక్కడిదే ఆ మాట? లక్ష్మణమ్మ కోడలి పురుడప్పుడు విన్నాను. ఏళ్ల తరబడి గోడకి గోడ ఆనుకుని బతికాం, మాట కూడా అంటుకున్నాది.

పొద్దున్న మసీదు హజరత్ గారి భార్యకి ఫోన్ సేసినాను. తిట్టినాది. గట్టిగానే తిట్టినాది. "బాలింతకి నమాజు నుంచి సెలవిచ్చినాడమ్మా అల్లా. రావద్దని తలుపెయ్యనేదు. దువాకి అడ్డేటి? సేతులెత్తనీ, అడగనీ, ఏడవనీ. పచ్చి ఒంటి పిల్లని అలా ఎలా లాగేసినావు?" అన్నాది.

సెలవు. విన్నావా? నువ్వు పనికిరానిదానివి కావు. కొన్నాళ్లు పడుకోమన్నాడు నిన్ను, అంతే. మద్దెలో అడ్డం నిలబడ్డది నేను.

జానిమాజు ఇందాకే దించేసినాను. నీ మంచం పక్కనే పరిసినాను. దిగుతావో, దిగవో నీ ఇష్టం.

ఇక్కడితో ఊరుకుంటే నువ్వూ అనుకుందువు, మా అమ్మ తెలీక అన్నాదని. నాకూ బాగుణ్ణు.

కాదే. ఆ మాట నోటికి దొరికింది, అనేసినాను. నువ్వక్కడ పడి ఏడుస్తంటే నాకు ముందు జాలి రానేదు. కోపమొచ్చినాది. ఈ ఇంట్లో నాదని ఉన్నది ఆ మూరెడు సోటే. నీ మీద బెంగ, ఆ పసోడి మీద బెంగ, అన్నీ అక్కడే దించుకుంటన్నాను. అదీ నువ్వు తీసేసుకుంటే నేనెక్కడికి పోవాల? అదే తట్టినాది నాకు. బిడ్డ పోయిన కూతురు కాళ్ల దగ్గర పడుంటే, నా సోటు నాకు కావాలనిపించినాది.

హజరత్ గారి భార్యకి ఇది సెప్పనేదు. రాత్రి సజ్దాలో కూడా నోరు రానేదు. నీకే సెప్తన్నాను.

ఆ జానిమాజు మీద సెప్పుకుంటే లేసేసరికి కొంచెం తేలికయ్యేది.

ఇక్కడ, నీకు సెప్తే అవ్వనేదు.