కాగితం మీద నడిచే మిల్లు

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో మా కౌంటీ ఆఫీసు. కౌంటర్‌కి అటు బడి వంటావిడ, ఇటు లెక్కలు చూసే గుమాస్తా. అతను ఆవిడ వడ్డిస్తే తిని పెరిగినవాడే.

"మన కౌంటీ నడిమి ఆదాయం యాభై రెండు వేల డాలర్లా? ఎవరిది నాయనా ఆ ఇల్లు, ఒకసారి చూసొస్తాను."

"ఇళ్ళన్నిట్నీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో వచ్చేదండి, డోరీన్ గారూ."

"కలప కోతమిల్లు మూసేసి రెండేళ్ళయింది. ఆ వరసలో సగం ఊరు కిందికి జారిపోయింది కదా?"

"మనది చిన్న కౌంటీ. ఒక్క ఏడాది సర్వేలో దొరికే ఇళ్ళు చాలవు. అందుకని ఐదేళ్ళవి కలిపి అంచనా కడతారు. అందులో మూడేళ్ళు మిల్లు నడిచింది."

"ఈ అంకె చూసే, బడిపిల్లల మధ్యాహ్నం భోజనానికి డబ్బిచ్చే ట్రస్టువాళ్ళు ఇక ఆపేస్తామంటున్నారు."

"ఇంకో మూడేళ్ళు ఓపిక పట్టండి. ఆ పాత ఏళ్ళు లెక్కలోంచి పోతాయి. అప్పుడు మనం బీదవాళ్ళమైపోతాం."

"అందాకా ఆకలి ఆపుకోమని చెప్పనా?"

"రూలు నేను రాయలేదండీ."

"నువ్వు రెండోసారి పళ్ళెం పట్టుకొచ్చినప్పుడు నేను రూలు చూళ్ళేదు."

గుమాస్తా సర్దిన కాగితాలే మళ్ళీ సర్దాడు.

"పోన్లే. కాగితం మీద మిల్లు ఇంకా నడుస్తోందన్నమాట. సోమవారం మా ఆయనకి భోజనం డబ్బా కట్టి పనికి పంపిస్తాను."

"పొద్దుటి షిఫ్టుకేనా?"

"ఏం?"

"దారిలో మా అన్నయ్యని కూడా ఎక్కించుకోమనండి. మిల్లు బూట్లు ఇంకా రోజూ తుడుస్తూనే ఉన్నాడు."