మనం ఆర్పేసిన కంప్యూటరు

అందరికీ నమస్కారం. పెద్దలకీ, మన పాఠకులకీ, ముందు వరసలో కూర్చున్న మాస్టారింటి వదినగారికీ, వాళ్ళ పాపకీ.

మీలో సగంమందికి నేను కనిపించను. కానీ గొంతుని బట్టి ఈపాటికి గుర్తుపట్టే ఉంటారు. "ఆ తలుపు వేయండి, వెలుతురు పడుతోంది" అని స్కానింగు గదిలోంచి రోజూ అరిచేది నేనే. చూపులేని పాఠకుల కోసం పెట్టుకున్న ఈ చిన్న గ్రంథాలయంలో పుస్తకం కుట్టు విప్పి, ఒక్కో కాగితం అద్దం మీద పరవడం నా పని. ఆ కాగితాన్ని కంప్యూటరు చేత చదివించి మీ చెవిదాకా చేర్చడం మాస్టారి పని. పోయిన వారం బస్సు కోసం నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయారు. ఆయన గురించి "ఉండేవారు" అనాలంటే నాకు నోరు రావడం లేదు. అక్కడక్కడ "ఉన్నారు" అనేస్తాను, ఏమనుకోకండి.

ఆయన ఇక్కడికి మొదట వచ్చిన రోజు చెప్తాను. మన స్కానర్లు ఎలాంటివో మీకు తెలుసు కదా? మూతబడ్డ ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్నవి. రిపేరుకి వచ్చినాయన వాటిని చూసి, "వీటికి డ్రైవర్లు రావడం ఎప్పుడో మానేశాయండీ, పక్కన పడేయండి" అని చక్కా పోయాడు. డ్రైవరంటే ఏమిటో నాకు అప్పుడు తెలియదు. కంప్యూటరు మాట స్కానరుకీ, స్కానరు మాట కంప్యూటరుకీ అర్థమయ్యేలా చెప్పే మధ్యమనిషి అని తర్వాత మాస్టారే చెప్పారు. ఆ మధ్యమనిషి లేడని అందరూ చేతులెత్తేస్తే, ఈయన వచ్చి నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, సరిచేసుకోవచ్చు అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు ఒకటి ఎక్కించారు. అది మన స్కానర్లని గుర్తుపట్టింది కానీ సగం పేజీ తీసి ఆగిపోయేది. అక్కడ మొదలుపెట్టారు.

నేనా, ఊరుకునే రకం కాదు. ఆ వైరు మార్చండి, ఈ సెట్టింగు మార్చండి అని ఆయన ప్రాణం తీసేదాన్ని. ఆయన విసుక్కోలేదు. "ఒకేసారి రెండు మార్చొద్దమ్మా. బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు. పాడైతే అసలే తెలియదు." ఎన్నిసార్లు విన్నామండీ ఈ మాట! ఒకటి మార్చేవారు. చూసేవారు. కాకపోతే మళ్ళీ యథాస్థానంలో పెట్టేసేవారు. ఇంకొకటి మార్చేవారు. ఆ పద్ధతిలో పని చేసేవాళ్ళని చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో నాకే తెలుసు. కానీ ఒక సాయంత్రం అద్దం కింద దీపం ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆగకుండా వెళ్ళింది. పేజీ పూర్తిగా వచ్చింది. ఆయన ఏమన్నారో తెలుసా? "కాగితం వంకరగా పెట్టావు" అన్నారు.

ఇంకొకటి. పై అంతస్తు గదిలో కంప్యూటర్లకి స్కానరు దొరకడం లేదని ఒక రోజు గొడవ. కింద గదిలో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పైన మాత్రం అసలు లేదంటోంది. స్కానరు పాడైందని ఒకరూ, పై గది వైర్లు పాడయ్యాయని ఇంకొకరూ. మాస్టారు ఓపిగ్గా చూసి నవ్వారు. స్కానర్లన్నీ ఆయన బల్ల మీది కంప్యూటరుకే తగిలించి ఉంటాయి, అందరికీ పంచిపెట్టేది అదే. ఎవరెవరు అడిగితే ఇవ్వాలో దానికి చెప్పి ఉంచాలి. పై గది సంగతి చెప్పలేదు, అంతే. "గుమ్మంలో కూర్చున్నవాడికి మీరు మనవాళ్ళని చెప్పలేదమ్మా, తప్పు వాడిది కాదు" అన్నారు. మిషను మీద కూడా నింద పడనిచ్చేవారు కాదు ఆయన.

ఇక్కడిదాకా చెప్పడం తేలికే. ఇక మిగతాది చెప్పాలి.

ఆయన పోయిన మర్నాడు మేమందరం ఆయన గది సర్దాం. బల్ల మీద కళ్ళజోడు పెట్టె, సగం తిన్న బిస్కెట్ల పొట్లం. ఆ మూల కంప్యూటరు తిరుగుతూనే ఉంది. మనిషే లేకపోయాక అది అలా గుయ్యిమంటూ ఉంటే ఎవరికీ మనసొప్పలేదు. ఎవరో ఒకరు అన్నారని కాదు, అందరికీ అదే అనిపించింది. మర్యాదగా ఆర్పేశాం. పైన తెల్లటి గుడ్డ కూడా కప్పాం. కన్నీళ్ళు తుడుచుకుని ఇళ్ళకి వెళ్ళాం.

తెల్లారి ఏ గదిలోనూ స్కానరు లేదు.

పరిగెత్తుకెళ్ళి గుడ్డ తీసి మళ్ళీ వేశాం. రహస్య పదం చెప్పమంది. ఒకసారి ఆర్పి మళ్ళీ వేస్తే, అది చెబితే గానీ లోపలికి పోనివ్వదు. ఎందుకలా బిగించారో మీకు తెలుసు. మీరు మీ సొంత ఉత్తరాలూ, డాక్టరు కాగితాలూ కూడా ఇక్కడే స్కాన్ చేయించుకుంటారు. "వాళ్ళు చూడలేని కాగితం మనం తొంగిచూడకూడదమ్మా" అనేవారు. మీ గుట్టు కాపాడ్డానికే వేశారు ఆ తాళం. ఎలా తప్పుపట్టను?

వేరే కంప్యూటరుకి తగిలించి చూశాం. తెలిసినవాళ్ళని పిలిపించాం. స్కానరు కనబడుతోంది. దీపం కదులుతుంది, సగంలో ఆగిపోతుంది. మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మాస్టారు చేసిన మార్పులన్నీ ఆ తాళం వెనకే ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేరు రాసే వాళ్ళకి మెయిల్ పెట్టాం. పాపం మంచివాళ్ళు, వెంటనే బదులిచ్చారు. ఆయన చేసిన మార్పులు వాళ్ళకీ అందలేదట. ఇంకా గజిబిజిగా ఉంది, శుభ్రం చేసి పంపుతానన్నారట. అదీ ఆయన సిగ్గు!

చివరికి వదినగారే వచ్చారు. ఆ దుఃఖంలో ఆ కుర్చీలోనే కూర్చున్నారు. పాప ముద్దుపేరు కొట్టారు. కాదంది. మాస్టారి అమ్మగారి పేరు, పెళ్ళయిన తారీఖు, మొదట కాపరం పెట్టిన వీధి పేరు. కాదు, కాదు, కాదు. "ఇన్నేళ్ళు కాపరం చేశాను, ఈ ఒక్క మాటా నాతో అనలేదు చూడు" అని నా వైపు తిరిగి నవ్వబోయారు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

వెనక వరసలో లా చదువుతున్న అమ్మాయి ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. పుస్తకం సగం అయింది, మిగతా సగం నా బల్ల మీద విడి కాగితాలుగా పడి ఉంది. రోజూ వచ్చి వింటున్న చోటే మళ్ళీ వింటోంది. తర్వాతి పేజీలు ఎప్పుడొస్తాయని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బావుణ్ణు. నిన్న నేను చదివి వినిపించాను. కాసేపటికే గొంతు పోయింది. నాలాంటివాళ్ళు పదిమంది కూర్చున్నా ఇంతమంది పుస్తకాలు తెమలవు. ఏం చేయాలో నాకు తెలియడం లేదండీ. నిజంగా తెలియడం లేదు.

అందరూ లేచి నిలబడండి. పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. మౌనంగా మాస్టారిని తలుచుకోండి. ఆయన మీతో అన్న మాటలు, పాడుకున్న పాటలు, కోపమొస్తే అన్నవీ, మురిపెంగా పిలిచినవీ, అన్నీ తలుచుకోండి. ఆ తాళానికి పడుతుందేమోనని ఏదైనా ఒక మాట మనసుకి తడితే మాత్రం, ఎవరికైనా సరే, మౌనం ముగిసేదాకా ఆగకండి. పైకి చెప్పేయండి.