అట్ట వేసిన పుస్తకం

రేపల్లెలో, స్టేషనుకు దగ్గరి వీధిలో ఒక పెంకుటింటి వెనక వసారా, సాయంత్రం. కృపమ్మా, తెనాలి నుంచి వచ్చిన ఆమె ఆడపడుచు దేవకుమారీ గోంగూర ఒలుస్తున్నారు. తెల్లవారితే తెనాలిలో కృపమ్మకు సంగీతం హయ్యరు పరీక్ష, థియరీ పేపరు.

"కనకాంబరి, ఫేనద్యుతి, గానసామవరాళి, భానుమతి..."

"వదినా, కాడలు కూడా చాటలో వేసేస్తున్నావు."

"నా చేతులు నా దగ్గర లేవు దేవీ. మనోరంజని, తనుకీర్తి, సేనాగ్రణి..."

"ఆగు. ఆగాగు. మొదటిది ఏంటన్నావు?"

"కనకాంబరి."

"కనకాంగి కదా?"

"కాదు, కనకాంబరే. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నిద్రలో కూడా గొణుగుతున్నానంట, మీ అన్నయ్య ఒకటే నవ్వు. పన్నెండోది రూపవతి రాగానే 'నా పక్కనే పడుకునుందిగా' అంటారు. డెబ్బై రెండు మేళకర్త రాగాల్లోనూ ఆయనకొచ్చింది ఆ పేరొక్కటే."

"రెండోది చెప్పు."

"ఫేనద్యుతి."

"రత్నాంగి."

"అదేంటి?"

"మూడోది గానమూర్తి. నాలుగోది వనస్పతి. వదినా, నువ్వు ఏ పుస్తకం చదివావు?"

"ఏంటలా చూస్తావు? మీ అన్నయ్య తెచ్చిందే. అదిగో, గూట్లో. బ్రౌను పేపరు అట్టది."

"అట్ట ఎందుకేశావు?"

"నేనెక్కడ వేశాను, ఆయనే వేశారు. పైన సరస్వతీదేవి బొమ్మ ఉందంట. ఇంటికి ప్రార్థనకొచ్చే చర్చివాళ్ల కంటబడితే లేనిపోని మాట అని, అట్ట వేసి, నా పేరు రాసి మరీ ఇచ్చారు. చూడు, ముత్యాల్లా రాశారు. శుభలేఖ మీద కూడా నా పేరు అంత అందంగా లేదు."

"వదినా... ఇది పాత పద్ధతి పుస్తకం."

"పాతదైతే ఏం? రాగాలకి బూజు పడతదా?"

"పేర్లు వేరు వదినా. మేళకర్తలకి రెండు పట్టికలున్నాయి. ఒకటి కనకాంబరితో మొదలవుద్ది, అది పాతది. ఇప్పుడు అందరూ పాడేది కనకాంగితో మొదలయ్యేది. పరీక్షలో రాయాల్సింది అదే. పోయినేడు నేను రాసి పాసయ్యాను కదా, నాకు తెలుసు. మొదటి ప్రశ్నే అది. తప్పనిసరి."

"మిగతా ప్రశ్నలు రాస్తాలే."

"మిగతా వాటిల్లో మాత్రం ఈ పేర్లు రావా? ఏ రాగం ఏ మేళంలో పుట్టిందో రాయాలంటే..."

"అన్నీ వేరేనా?"

"ఆ గోంగూర కాసేపు పక్కన పెట్టు."

"పక్కన పెట్టి ఏం చెయ్యను? చెప్పు. నేను చదివిందంతా తప్పేనా?"

"తప్పని కాదు. అదీ పద్ధతే. పెద్దవాళ్లు పెట్టిందే..."

"తప్పో ఒప్పో చెప్పు దేవీ."

"రేపటికి తప్పే. వదినా, ఇటు చూడు."

"పొయ్యి దగ్గర అదే. బావి దగ్గర అదే. గుళ్లో పాస్టరుగారు అందరూ కళ్లు మూసుకోండి అంటే నేను మూసుకుని భానుమతి, మనోరంజని... దేవుడు కూడా ఇన్నాళ్లూ తప్పు పేర్లే విన్నాడు."

"కొనే ముందు నన్నొక మాట అడగాల్సింది."

"ఎవర్ని అడగాలో కూడా తెలియలేదే నాకు. బ్రహ్మానందం మాస్టారు ఉన్నంతకాలం ఆయన చెప్పింది పాడాను, ఆయన రాయించింది రాశాను. లోయరు అట్లాగే పాసయ్యాను. ఆయన పోయాక పుస్తకమే మాస్టారు అనుకున్నాను. అందులో ఏది ఉంటే అది నేర్చుకున్నాను."

"నా పుస్తకం పంపిస్తానని ఉత్తరం రాశాగా! అన్నయ్యే వద్దని జవాబు రాశాడు. కొత్తది కొనేశాను, మీ వదినకి పాత పుస్తకం ఎందుకు అని."

"అలా రాశారా? నాతో అనలేదే."

"మర్చిపోయుంటాడు."

"మర్చిపోయుంటారు. ఆఫీసు గొడవలు ఆయనకి. సరే, నువ్వు చెప్పు. నాకిప్పుడే చెప్పు. కనకాంగి, రత్నాంగి, గానసామ..."

"గానమూర్తి."

"గానమూర్తి. గానమూర్తి. భానుమతి..."

"వనస్పతి."

"పాతదే ముందొస్తోంది దేవీ. గుమ్మంలో అడ్డంగా కూర్చుంది, కొత్తదాన్ని రానివ్వడంలేదు. మళ్లీ చెప్పు. నాలుగోది?"

"వనస్పతి. వదినా, నాకూ వరసగా రావు. పరీక్ష అవగానే సగం ఎగిరిపోయాయి. పుస్తకం ఉండాలి. మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది."

"తెనాలిలో."

"తెనాలిలో. పోనీ, వచ్చే ఏడు రాద్దువులే."

"వచ్చే ఏడా? బాపట్ల హాస్టలు స్కూలు హెడ్మిస్ట్రెస్సమ్మ ఏమన్నదో తెలుసుగా. ఫలితాలొచ్చేదాకా ఆ సంగీతం టీచరు పోస్టులో ఎవర్నీ వెయ్యకుండా ఆపుతాను కృపమ్మా, తర్వాత నా చేతుల్లో ఉండదు అన్నది. పోయినసారి పుస్తకమే లేక తప్పాను. ఈసారి దాటితే వయసూ దాటిపోద్ది. గవర్నమెంటు లెక్కలో నేను ముసలిదాన్నవుతాను."

"ఊరుకో వదినా."

"నాకింకేముంది చెప్పు. పిల్లా జెల్లా అంటే దేవుడు ఇవ్వలేదు. ఆ హాస్టల్లో ఆడపిల్లల్ని చూశావా? పొద్దున్నే ప్రార్థనలో తలా ఒక శ్రుతిలో పాడతారు. వాళ్లని ఒక్క శ్రుతిలోకి తెస్తే చాలనుకున్నాను. అదొక్కటే అడిగాను నేను. చీరలడిగానా? నగలడిగానా?"

"అదిగో, సైకిలు చప్పుడు. అన్నయ్యొచ్చాడు."

"ఏంటిది, వదినా మరదళ్లు చీకట్లో కూర్చున్నారు? దీపం పెట్టలేదేం? ఏం కృపా, ఎంతవరకొచ్చింది? రూపవతి దాకా వచ్చావా?"

"అన్నయ్యా, ఈ పుస్తకం ఎక్కడ కొన్నావు?"

"వచ్చీ రాగానే ఈ విచారణేంటే? తెనాలిలో. నువ్వు చెప్పిన కొట్లోనే."

"ఏవండీ, ఇది కాదంటండీ."

"ఏది కాదు?"

"పుస్తకం. పుస్తకమే కాదంట. అన్నీ వేరే పేర్లంట."

"ఎవరన్నారు?"

"నేనన్నాను. కొట్లో ఇదొక్కటే ఉందా అన్నయ్యా?"

"ఇదొక్కటే ఉంది. కృపా, మంచినీళ్లియ్యి."

"నేను కొన్నప్పుడు రెండు రకాలూ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి."

"నేను వెళ్లిన రోజు లేదేమో. కొట్టువాడు ఇచ్చింది తెచ్చాను. నాకేం తెలుసే? సరిగమలు చెప్పమంటే 'మ' దగ్గర ఊపిరి తీసుకునేవాణ్ణి. మంచినీళ్లడిగాను."

"ఇదిగోండి. ఆయన్నేమీ అనకు దేవీ. అంత ఎండలో తెనాలి పోయి తెచ్చారు."

"నేనేమన్నాను వదినా, ఊరికే అడిగాను."

"ఏవండీ, సాయంత్రం బండి ఇంకా పోలేదు కదండీ? దేవి ఇంట్లో అసలు పుస్తకం ఉందంట. ఇప్పుడెళ్తే రాత్రంతా కూర్చుని..."

"రాత్రంతా కూర్చుని డెబ్బై రెండు పేర్లు మింగుతావా? కళ్లు చూసుకున్నావా, చింతనిప్పుల్లా ఉన్నాయి. ఒక్క పరీక్ష రాయకపోతే కొంపలేం మునగవు."

"మునుగుతాయండీ."

"ఏం మునుగుతాయి? ఉద్యోగమొస్తే ఆ హాస్టల్లో ఇరుకు గదిలో పడుకుని, వాళ్ల నీళ్లపప్పు తిని... ఆదివారానికిగానీ ఇంటికి రాలేవు. రోజూ నేను తాళం తీసుకుని లోపలికొస్తే... సరే, ఆ సంగతి వేరు."

"మీరే కదండీ రాయమన్నది?"

"రాయమన్నాను. ఇప్పుడు కాదన్నానా?"

"మీరు రాయమంటేనే ఫీజు కట్టాను. ఫారం కూడా మీరే నింపారు. ఇప్పుడు నేనేం రాసేది? పేపరు ముందు పెట్టుకుని ఏం రాసేది నేను?"

"ఊరుకో. ఊరుకో కృపా. దేవి చూస్తోంది. కళ్లు తుడుచుకో. చదివింది ఎక్కడికి పోద్ది? అన్నీ మారిపోలేదుగా. నీ రూపవతి రెండు పుస్తకాల్లోనూ ఉంది."

"అన్నయ్యా."

"ఏంటి?"

"వదినకి నేను నాలుగు పేర్లే చెప్పాను. రూపవతి దాకా పోలేదు."

"అయితే?"

"రెండో దాంట్లో ఉందని నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నా. ఏడుస్తోందని అన్నా. ఏం, ఉండదా?"

"ఉంటది. పన్నెండోదే. పాత దాంట్లో ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఉంటది."

"ఉందిగా మరి! ఉన్నమాటేగా అన్నాను. కృపా, ఏంటలా చూస్తావు? కొట్లో తిరగేశానేమో. ఏమో, గుర్తులేదు. తిరగేశాను అనుకో. పుస్తకం తిరగెయ్యడం కూడా తప్పేనా?"

"ఇదొక్కటే ఉందన్నావు అన్నయ్యా."

"నువ్వుండవే కాసేపు! మొగుడూ పెళ్లాల మధ్య... కృపా, లేస్తావేం? ఒళ్లో ఆకులన్నీ రాలిపోతున్నాయి చూడు. దీపం నేను పెడతాలే, నువ్వు కూర్చో. కృపా?"

"వదినా..."

"ఆ సంచీ ఇప్పుడెందుకు? అది రేపటికి కదా. నేను చెప్పేది విను. నీ మంచికే... కాదు, నా మంచికే అనుకో. అనుకో, నేనేమీ కాదనను. చెప్పులెందుకు వేసుకుంటున్నావు? ఆగు, సైకిలు తీస్తాను, బండికి ఇంకా టైముంది, నేను దింపుతాను. వీధిలో వాళ్లు చూస్తున్నారే. ఒక్క మాట అను. తిట్టు. తిట్టి వెళ్లు. కృపా!"

"అరవకు అన్నయ్యా. మలుపు కూడా తిరిగింది."

"పుస్తకం ఇక్కడే వదిలేసింది."

"ఇంకా అదెందుకు? తప్పుకో, నేను వెనకాలే పోతాను. ఒక్కతే ఎక్కుద్ది బండి."

"దేవీ..."

"ఏంటి? త్వరగా చెప్పు."

"రెండూ కొన్నాను."

"ఏంటీ?"

"రెండూ కొన్నాను. అది ఆఫీసులో నా సొరుగులో ఉంది. దానికీ అట్ట వేశాను దేవీ. దాని మీదా మీ వదిన పేరే రాశాను."