ఖాళీ ఇళ్లను పలకరించిన రాయప్ప గారు

శ్రీ రాయప్ప గారు 1975 మార్చి మూడో తేదీ, సోమవారం నాడు, హారిస్ పార్క్‌లోని మా న్యాయవాద కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. బాపట్ల కోర్టులో నల్లకోటు వేసుకొని వాదించిన మనిషి, తన లా పట్టా ఈ దేశంలో చెల్లదని తెలిసినప్పుడు కినుక వహించక, ఇతరుల ఫైళ్లకు దారం కట్టే ఉద్యోగానికి వచ్చి కూర్చున్నారు. పగలు పనిచేసి, సాయంకాలాలు చదువుకొని, పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి రాసి, 1980లో సొలిసిటర్‌గా ప్రమాణం చేశారు. ఈ 1992 జూన్ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా వెలువడుతున్న ఈ సంచికలో ఇంగ్లీషు పుటలు పెద్దలు రాస్తున్నారు. తెలుగు పుట నాకు అప్పగించారు. మా ఇంట్లో కళాశాల గడప తొక్కినవాళ్లలో నేనే మొదటిదాన్ని. కనుక నా రాతలో లోపాలు కనిపిస్తే రాయప్ప గారి సతీమణి శ్రీమతి వసంతకుమారి గారు, వారి పిల్లలు పెద్ద మనసుతో మన్నించగలరు.

వారు చేపట్టిన వృత్తి ఇళ్ల క్రయవిక్రయాలకు సంబంధించినది. మన ఊళ్లలో రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద లేఖరి దస్తావేజు రాస్తే, అందరం సంతకాలు పెట్టి టీ తాగి ఇంటికి వెళతాం. ఇక్కడ ఆ పని సొలిసిటర్ చేస్తారు. కొనేవారికి ఒకరు, అమ్మేవారికి ఒకరు. ఒప్పందపు ప్రతులు మార్చుకున్న కొన్ని వారాలకు సెటిల్మెంటు జరుగుతుంది. ఇల్లు చేతులు మారేది, తాళం చేతికొచ్చేది ఆ రోజే. ఈ మధ్య ఫ్యాక్సు యంత్రాలు వచ్చాక, సిటీలో కూర్చొని, ఇల్లు ఏ దిక్కున ఉందో కూడా చూడకుండా చవకగా ముగించేవారు పెరిగారు. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎవరిని పెట్టుకోవాలని అడిగితే, రాయప్ప గారు ఏనాడూ తన పేరు చెప్పలేదు. "ఆ ఇంటి గుమ్మం దాకా వచ్చేవాణ్ణి పెట్టుకోండి. నేనే కానక్కర్లేదు," అనేవారు.

గుమ్మం దాకా అనడం వారి వినయం. నిజానికి వారు లోపలికి వెళ్లి కూర్చునేవారు. సెటిల్మెంటుకు ముందు, తాను చూస్తున్న ప్రతి ఇంటికీ ఒక సాయంకాలం స్వయంగా వెళ్లి, కొనేవాళ్లు రేపు ఉద్యోగం నుంచి ఇంటికి చేరే వేళకు, దీపం వెయ్యకుండా ముందు గదిలో నేల మీద కూర్చోవడం వారి నియమం. వెళ్లగానే గుమ్మంలో నిలబడి "ఎవరండీ లోపల?" అని ముందు తెలుగులో, తరువాత ఇంగ్లీషులో అడిగేవారు. ఆ తరువాత, జవాబు కోసం నిజంగానే ఆగేవారు. ఆఫీసులో ఈ అలవాటు మీద చాలా హాస్యాలు నడిచాయి. నేను 1984లో చేరిన కొత్తలో ధైర్యం చేసి కారణం అడిగాను.

"ఇల్లు ఖాళీగా అప్పగిస్తామని కాంట్రాక్టులో రాస్తారు కదా లీలమ్మా. ఖాళీయో కాదో చూడొద్దూ?" అన్నారు.

తనిఖీ అనుకొని నేనూ ఊరుకున్నాను. తరువాత వారితో అలా చాలా ఇళ్లకు వెళ్లాను. కొన్ని ఇళ్లలో, బయట వెలుతురు పూర్తిగా తగ్గే క్షణంలో, వారు ఉన్నట్టుండి తల పక్కకు వంచేవారు. ఎవరో మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకూడదన్నట్టు కాసేపు అలాగే ఉండి, "సరేనండీ, చెప్తాను," అని లేచేవారు. నాకు ఏ శబ్దమూ వినిపించేది కాదు. ఎవరికి ఏమి చెప్పాలో నేను అడగలేదు, వారు చెప్పలేదు. మరునాడు మాత్రం కొనేవాళ్లకు ఫోన్ చేసి, వెనక గదిలో మంచం గోడవైపు వెయ్యొద్దనో, పెరట్లో ఆ నిమ్మచెట్టు కొట్టొద్దనో సలహా ఇచ్చేవారు. వారు దైవభక్తి గల క్రైస్తవులు. ఆదివారం ఆరాధన మానినట్టు నేనెరుగను. దయ్యాల మాట ఎత్తితే విసుక్కునేవారు.

వారి వృత్తి జీవితమంతటిలో నా మనసుకు హత్తుకున్న సంఘటన 1988 ఆగస్టులో జరిగింది. ఇంజనీరు అచ్యుత్ గారు, ఆయన భార్య చైత్ర గారు కెల్లీవిల్‌లో ఒక పాత చెక్క ఇల్లు కొంటున్నారు. చుట్టూ కోళ్లఫారాలు, దున్నడం మానేసిన కూరగాయల మళ్లు. కొత్త వీధుల కోసం అప్పుడప్పుడే గుర్తుమేకులు పాతుతున్నారు. ఆ ఇల్లు కార్మెన్ వెల్లా అనే మాల్టా దేశపు వృద్ధురాలిది. ఆవిడను వృద్ధాశ్రమంలో చేర్చారని, ఆవిడ తరఫున కుమారుడు పవర్ ఆఫ్ అటార్నీతో అమ్ముతున్నాడని అవతలి సొలిసిటర్ తెలియజేశారు. ప్రతులు మార్చుకోవడం సవ్యంగా జరిగిపోయింది.

చిక్కు మనవాళ్ల దగ్గర వచ్చింది. చైత్ర గారికి మూడో నెల. సెటిల్మెంటేమో భాద్రపదంలో పడింది. ఆ నెల గృహప్రవేశానికి పనికిరాదు, అది దాటేసరికి అయిదో నెల వస్తుంది, అప్పుడు అసలు చెయ్యకూడదు. ఇద్దరూ ఆలోచించుకొని, కర్టెన్ల కొలతలు తీసుకోవాలని ఏజెంటు దగ్గర తాళం అడిగి తెచ్చుకొని, శ్రావణంలో మంచి ముహూర్తాన, ఇంకా తమది కాని ఇంట్లో పాలు పొంగించేశారు! గడపకు పసుపు రాశారు. పరమాన్నం వండి, ఒక గిన్నెలో కొంచెం ఇంటి దేవతకు ఉంచి, పొగ పోవడానికి వంటింటి కిటికీ తెరిచిపెట్టి వెళ్లారు. మరునాడు సామాను తీసుకోవడానికి వెళ్లి, బెదిరిపోయి, తిన్నగా మా ఆఫీసుకు వచ్చారు.

"అంకుల్, ఆ హౌస్‌లో ఎవరో ఉన్నారు," అంది చైత్ర.

"ఎవరూ లేరంకుల్. పవర్ కూడా డిస్‌కనెక్ట్ చేసేశారు. రాట్స్ అయ్యుంటాయి," అన్నాడు అచ్యుత్.

"ఎలకలు గిన్నె తోమి, బోర్లించి, పక్కన టవల్ మడతపెట్టి వెళ్తాయా? గడప మీద పసుపు కడిగేసి ఉందక్కా," అంది నావైపు తిరిగి. "కిటికీ గడియ వేసుంది. నేను ఆ ఇంట్లోకి రాను. అలా అని ఇంకో ఇంట్లో మళ్లీ పాలు పొంగించడానికీ లేదు. అడుగు పెట్టేశాం కదా!"

రాయప్ప గారు నవ్వలేదు. "ఇంకా మీది కాని ఇంట్లో పొయ్యి వెలిగించారా? ఒక్క మాట నాతో చెప్పాల్సింది అబ్బాయ్," అని, చైత్ర వైపు చూసి, "పరమాన్నం ఉందా, పోయిందా?" అని అడిగారు.

"పోయిందంకుల్."

"అయితే మనిషేనమ్మా. మిగతావాళ్లు తినరు."



ఆ సాయంకాలమే నలుగురం వెళ్లాం. వారు గుమ్మంలో ఆగి యథాప్రకారం పలకరించారు. జవాబు లేదు. ఇంట్లోని కిటికీలన్నీ నా చేత తెరిపించి, మమ్మల్ని ముందు గదిలో కూర్చోబెట్టి, తానూ చతికిలబడ్డారు. ఇక్కడ ఆగస్టంటే చలికాలం, పొద్దు తొందరగా వాలిపోయింది. కోళ్లఫారం వైపు నుంచి వచ్చే చప్పుడు కూడా సద్దుమణిగింది. అప్పుడు ఇంటి వెనక, ఎక్కడో చివరి గదిలో, కిటికీ మూసుకొని గడియ పడింది.

చైత్ర నా చెయ్యి పట్టుకుంది. పక్క గదిలో మరొకటి మూసుకుంది. తరువాత వంటింట్లో. మధ్యలో అడుగుల చప్పుడు లేదు. తడుముకోవడం లేదు. కిటికీ, గడియ, నిశ్శబ్దం. అది ఒక్కొక్క గదే దాటుకుంటూ మా వైపు వస్తోంది. అచ్యుత్ లేవబోతే రాయప్ప గారు అరచేతితో ఆపారు. ముందు గది తలుపు దగ్గర చీకటి కాస్త చిక్కబడినట్టయింది. ఉన్ని మేజోళ్లతో ఒక సన్నటి ఆకారం మమ్మల్ని చూడకుండానే మా మధ్య నుంచి నడిచి, చైత్ర భుజం మీదుగా చెయ్యి చాపి, చివరి కిటికీ మూసి గడియ వేసింది. ఆ తరువాతే వెనక్కి తిరిగి, నేల మీద కూర్చున్న మమ్మల్ని చూసింది. చూసి, సిలువ గుర్తు వేసుకుంది.

"మీరంతా చనిపోయినవాళ్లా?" అని ఇంగ్లీషులో అడిగింది ఆవిడ.

"నాట్ యెట్, మేడమ్," అన్నారు రాయప్ప గారు, లేచి నిలబడి.

ఆవిడే కార్మెన్ గారు. వృద్ధాశ్రమం ఆ మళ్ల అవతలే. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి పొద్దువాలేసరికి కిటికీలు మూయడం ఆవిడ పని. బూట్లు మెట్ల మీద విడిచి, బట్టలుతికే గది తలుపు తీసుకొని రోజూ వచ్చి మూసి వెళుతున్నారు. నిన్న వస్తే ఇల్లంతా మాడిన పాల వాసన, తెలియని ధూపం, గడప మీద పచ్చటి చారలు. తన ఇంటిని ఎవరో చనిపోయినవాళ్లు ఆక్రమించారని ఆవిడ రాత్రంతా జపమాల తిప్పుకున్నారట. మేం ఆవిడకు భయపడినదాని కంటే ఆవిడే మాకు ఎక్కువ భయపడ్డారు.

"అన్నం మాత్రం బాగుంది," అన్నారు చివర.

రాయప్ప గారు మెల్లగా అడిగారు. "అమ్మా, ఈ ఇల్లు అమ్ముతున్నారని మీకు తెలుసా?"

"అమ్మడమా? రంగులు వేస్తున్నారని చెప్పాడు మా వాడు."

తాను అవతలి పక్షపు లాయరునని, ఇంతకు మించి తనతో మాట్లాడవద్దని, వేరే లాయరును అడగమని ఆవిడకు చెప్పి, కారులో ఆశ్రమం దగ్గర దించి వచ్చారు. తిరుగు దారిలో అచ్యుత్ ఇక ఆగలేదు.

"అంకుల్, పేపర్స్ అన్నీ కరెక్ట్‌గా ఉన్నాయి కదా? సెటిల్ చేసేద్దాం. అసలు మీరు మా లాయరా, ఆవిడ లాయరా?"

"మీ లాయర్నే అబ్బాయ్. పేపర్స్ బాగానే ఉన్నాయి. ఇల్లే ఖాళీగా లేదు. ఆవిడకి తెలీకుండా కొన్న ఇంట్లో రేపు నీ బిడ్డ పాకుతుంటే, రోజూ సాయంత్రం ఆ గడియ చప్పుడు వింటూ కూర్చుంటావా?"

"నేను సిటీలో ఇంకో సొలిసిటర్‌ని పెట్టుకుంటా."

"పెట్టుకో. ఫైలు రేపే ఇచ్చేస్తాను. కానీ నేను చూసింది చూళ్లేదని రాయను."

వెనక సీట్లో చైత్ర అంది. "ఫైలు ఎక్కడికీ వెళ్లదు అంకుల్. ఆవిడ ఒప్పుకోకపోతే నాకా ఇల్లు వద్దు."

మరునాడు రాయప్ప గారు అవతలి సొలిసిటర్‌కు ఫోన్ చేసి, జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ పెద్దమనిషి ఆ ఇంటిని ఎన్నడూ చూడలేదట. సెటిల్మెంటు వాయిదా పడింది. కార్మెన్ గారి వద్దకు ఆవిడ కోసమే వేరొక న్యాయవాది వెళ్లారు. ఆ వారాలన్నీ అచ్యుత్ మా ఆఫీసు మెట్లు ఎక్కలేదు. చైత్ర మాత్రం ఆవిడ అడ్డు చెబితే ఇల్లు పోతుందని తెలిసీ, పరమాన్నం గిన్నె పట్టుకొని ఆశ్రమానికి వెళ్లి కూర్చునేది. ఇంటి ప్రసక్తి తాను ఎత్తలేదని నాతో ప్రమాణం చేసి చెప్పింది. చివరకు కార్మెన్ గారే తన లాయరు ద్వారా కబురు పంపారు. ఇల్లు అమ్ముతాను, కానీ పాలు మాడబెట్టిన ఆ పిల్లకే అమ్ముతాను, నా కాళ్లు నడిచినన్నాళ్లు కిటికీలు నేనే మూస్తాను, అని. ఈ చివరి షరతు ఒప్పందంలో ఎలా రాయాలో మా ఎవరికీ తోచలేదు. "రాయకండి. పొద్దున్నే కిటికీలు తెరిచిపెట్టండి, చాలు," అన్నారు రాయప్ప గారు.

అలాగే జరిగింది. అచ్యుత్ గారు కూడా కాలక్రమాన రాయప్ప గారికి ఆప్తులయ్యారు. ఇవాళ ఈ సంచిక అచ్చువేయించడంలో వారిదే పెద్ద చెయ్యి. చైత్ర వాళ్ల పాప పాకడం నేర్చిన కాలంలో కార్మెన్ గారు ఆశ్రమంలోనే నిద్రలో ప్రశాంతంగా కన్నుమూశారు. మొన్న ఈ వ్యాసం కోసం చైత్రకు ఫోన్ చేసి, ఆ విషయాలు రాయవచ్చా అని అడిగాను.

"రాయండక్కా," అంది. "ఒకటి చెప్పనా? కిటికీలు మేం ఇప్పటికీ మూయం. పొద్దున్న తెరుస్తాం అంతే," అంది.

ఆ మాట కూడా రాసుకున్నాను.

శ్రీ రాయప్ప గారి విద్వత్తును, నిష్పక్షపాతాన్ని, ఓర్పును గురించి ఇతరులు రాస్తారు. నేను చూసినది నేను రాస్తున్నాను. తమ పక్షపు మనిషికి మేలు చేయడమంటే అవతలి మనిషి ఇంకా ఆ ఇంట్లో ఉన్నదో లేదో చూడడమే అని మాకు నేర్పినది వారు. గత శుక్రవారం సాయంకాలం, పుస్తకాలు పెట్టెల్లో సర్దేశాక, అందరూ వెళ్లిపోయారనుకొని నేను తలుపులు వేస్తూ వచ్చాను. వారి గదిలో దీపం లేదు. రాయప్ప గారు ఖాళీ అయిన తన గదిలో నేల మీద కూర్చొని ఉన్నారు. "ఎవరండీ లోపల?" అని తన గదినే అడిగారు. ఆగారు. తల పక్కకు వంచారు. నేను వరండాలో నిలబడ్డాను. చాలాసేపటికి, "సరేనండీ, చెప్తాను," అని లేచి, కోటు దులుపుకొని, నన్ను చూసి నవ్వి, "బల్ల కిటికీ పక్కకి జరిపించుకో లీలమ్మా," అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయారు.

సోమవారం నుంచి ఆ గది నాది. బల్ల జరిపించాను. పొద్దువాలే వేళకు నేనూ తప్పకుండా "ఎవరండీ లోపల?" అని అడుగుతాను. రాయప్ప గారు శ్రీమతి వసంతకుమారి గారితో, బిడ్డలతో, పూర్ణారోగ్యంతో, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని, నా ప్రశ్నకు వారి జవాబు ఇంకా చాలా చాలా ఏళ్లు టెలిఫోనులో మాత్రమే రావాలని, మనసారా కోరుకుంటున్నాను.

— లీల