తీతువు తల్లుల వెంట సుందరలక్ష్మి గారు

ఎమ్మిగనూరు చేనేత కుటుంబంలో పుట్టిన శ్రీమతి సుందరలక్ష్మి గారు 1991 ఆగస్టు పంతొమ్మిదవ తేదీన కర్నూలులోని మన కళాశాలలో జంతుశాస్త్ర ఉపన్యాసకురాలిగా చేరారు. సీసాల్లో భద్రపరిచిన జీవుల కంటే బతికి తిరిగే జీవులే ఆమెను ఆకర్షించాయి. ఏ ప్రాణి ఎందుకలా నడుచుకుంటుందో, ఆ నడవడి తరతరాల మనుగడలో ఎలా స్థిరపడిందో తెలుసుకోవడమే ఆమె వ్యాసంగమైంది.

ఒక వేసవిలో ఓర్వకల్లు దారిలోని బీడులో, మేకలు కాసే సిద్దమ్మ తీతువు గుడ్లను సమీపించగా, తల్లిపక్షి విరిగిన దానిలా రెక్కను ఈడ్చుకుంటూ ఆమెను దూరంగా నడిపించి, రివ్వున ఎగిరిపోయింది.

“ఎంత నాటకమాడిందమ్మా. దీనికెవురు నేర్పిచ్చినారు?” అంది సిద్దమ్మ.

“ఎవరూ నేర్పలేదు సిద్దమ్మా. ఇట్ల ఏమార్చిన తల్లుల పిల్లలు శానా బతికినాయి. ఏమార్చని వాటి గుడ్లు నక్కల పాలైనాయి. బతికినవాటి గుణమే మిగిలింది,” అన్నారు వెంట ఉన్న సుందరలక్ష్మి గారు.

“అట్లయితే దీని బిడ్డలు గూడా తల్లి మాదిరే తెగిస్తాయా?”

ఆ ప్రశ్న సుందరలక్ష్మి గారిని వదల్లేదు. దాన్నే డాక్టరేటు పరిశోధనగా ఎంచుకుని, పక్షిపిల్లల కాళ్లకు రంగు కడియాలు తొడిగి, ఏటేటా గమనించసాగారు. ఆ పిల్లలు గుడ్లు పెట్టే ఈడుకు వచ్చిన ఏడాదే కడపకు ప్రిన్సిపాల్‌గా పదోన్నతి వచ్చింది. భర్త నాగేశ్వరయ్య గారి గుండె చికిత్స అక్కడే కుదిరినందున, పిట్టలు ఎక్కడికీ పోవులే అనుకుని వెళ్లారు. ఆయన కోలుకున్నారు.

మూడేళ్లకు తిరిగి వచ్చేసరికి బీడంతా చదునై, సౌర ఫలకలతో నిండిపోయింది. కంచె పక్కన సిద్దమ్మ ఎదురైంది.

“యంత్రాలొచ్చిన దినం నీ పిట్ట వాటి ముందర గూడా రెక్క ఈడ్చిందమ్మా. అవి దాని వెంట పోలేదు. నువ్వుంటే రవ్వంతసేపు ఆపిచ్చేదానివేమో.”

సుందరలక్ష్మి గారు పరిశోధనను అక్కడితో ఆపేశారు. సేకరించిన వివరాలు ఉన్నంతవరకే సిద్ధాంతవ్యాసంగా సమర్పించమని సహోద్యోగి శివకుమార్ గారు ఎంత నచ్చజెప్పినా, “సగం చూసినదాన్ని తెలిసిందని రాయలేనప్పా” అని ఊరుకున్నారు. డాక్టరేటు లేకుండానే ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె మనసులోని ఆ వెలితిని మనం కప్పే శాలువా పూడ్చలేదని ఎరిగే ఈ నాలుగు మాటలూ రాసుకున్నాం.

ఇకపై బనగానపల్లెలో కుమార్తె రమ్యశ్రీ ఇంటికి చేరువగా కాపురముండబోతున్న ఆ దంపతులకు ఆయురారోగ్యాలు సమృద్ధిగా లభించాలని, ఆ ఊరి మామిడి తోటల్లో ఆమె మొదలుపెట్టే ఏ పరిశీలననైనా చివరిదాకా చూడగల కంటిచూపు, కాలిసత్తువ, తీరిక నిండు నూరేళ్లూ ఆమెకు దక్కాలని మనసారా కోరుకుంటున్నాం.